జాయింటు రాడ్డు

బండి గంటకు 45 మైళ్ళు దాటగానే సీటు కింద సన్నగా రొద మొదలైంది, రేకు డబ్బాలో తుమ్మెద ఇరుక్కున్నట్టు. 55 దగ్గర అద్దంలో వెనక కార్లు మసకబారాయి. 60కి వచ్చేసరికి డాష్‌బోర్డు మీద పెట్టిన నా కళ్ళజోడు తనంతట తాను నడుచుకుంటూ వెళ్ళి నాన్న ఒళ్ళో పడింది.

నాన్న కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెప్పు విడిచి వట్టి పాదం ఫ్లోరు రేకుకి ఆనించాడు.

"కాలు తియ్యి," అన్నాడు.

యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశాను. రొద పెరిగింది.

"ఇప్పుడు తొక్కు."

తొక్కాను. తగ్గింది.

"ఊఁ," అన్నాడు. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు. అది 2023 జూన్. అప్పటికి నాన్న అమెరికా వచ్చి ఆరు వారాలయింది. ఆ ఆరు వారాలూ మా గరాజులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడే గాని, ఆ బండి మీద ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు.

బండి 1957 షెవ్రొలే 3100. మన లెక్కలో చిన్న ట్రక్కు, ఇక్కడివాళ్ళ భాషలో పికప్పు. 2021లో కొన్నాను, కొలంబస్‌కి గంటన్నర దూరంలో ఒక మొక్కజొన్న రైతు దొడ్లో ఉంటే. లోపల ఎలకలు కాపురం పెట్టాయి. ఇంజను పట్టేసింది. ట్రెయిలరు మీద నుంచి దించుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "దీన్ని డబ్బులిచ్చి కొన్నారా, తీసుకెళ్ళమని వాళ్ళే ఇచ్చారా?" అంది. ఎంత పెట్టానో ఇప్పటికీ ఆమెకు పూర్తిగా తెలియదు. ఈ పుస్తకం ఇంటికొస్తే ఈ పేజీ ఏం చెయ్యాలో ఆలోచించాలి.

పాత ఆరు సిలిండర్ల ఇంజను తీసేసి 350 ఘనపుటంగుళాల వీ-8 ఇంజనూ, దాని వెనక 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సూ పెట్టాలని నా ఆలోచన. ఇక్కడ పాత బండ్ల పిచ్చి ఉన్న వాళ్ళలో నూటికి తొంభై మంది చేసే పనే అది. పక్కింటి పెద్దాయన జీవితమంతా లేతు మిషన్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇంజను ఎత్తే క్రేను ఆయనే ఇచ్చాడు. నేను ఎన్నో ఏళ్ళుగా కంప్యూటర్లలో పాత డిస్కు పీకి కొత్తది పెడుతున్న వాణ్ణి. ఇదీ అలాంటిదే, కాకపోతే బరువెక్కువ, అనుకున్నాను.

నట్లూ బోల్టులూ నిజంగానే అంతే. అసలు తంటా కోణాల దగ్గర వచ్చింది.

ఇంజను, గేరుబాక్సు ముందు ఉంటాయి. వెనక ఇరుసు, దాని నడుమ ఉండ, ఆ ఉండకి ముందు వైపు ముక్కులా పొడుచుకొచ్చిన పినియను. ఈ రెంటినీ కలిపే పొడవాటి ఇనప గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్టు. నాన్న దాన్ని జాయింటు రాడ్డు అంటాడు. గేరుబాక్సు చట్రానికి బిగించి ఉంటుంది, కదలదు. ఇరుసు మాత్రం కమాను కట్టల మీద వేలాడుతూ గతుకు గతుక్కీ లేచి పడుతుంది. అందుకని రాడ్డుకి రెండు చివరలా వంగే కీళ్ళు పెడతారు, యూనివర్సల్ జాయింట్లని. వాటి లోపల ఉండే కూడలి ఆకారపు ముక్కని బట్టి మన మెకానిక్కులు వాటిని క్రాసులంటారు. రాబర్ట్ హుక్ 1676లోనే దీని గురించి రాశాడు. కార్లకి పనికొచ్చేలా చేసి 1903లో పేటెంటు తీసుకున్నది క్లారెన్స్ స్పైసర్.

ఈ కీలుకి ఒక పాడు గుణం ఉంది. వంగి తిరుగుతున్నప్పుడు ఇటువైపు కడ్డీ ఒకే వేగంతో తిరిగినా, అటువైపు కడ్డీ అలా తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు మూడు డిగ్రీలైతే ఆ తేడా వెయ్యికి ఒకటిన్నర పాళ్ళ లోపే. కాని 60 మైళ్ళ వేగంలో మా బండి రాడ్డు నిమిషానికి సుమారు 2,700 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 45. చుట్టుకి రెండు కుదుపుల చొప్పున సెకనుకి 90 కుదుపులు. మనిషి చెవికి అది రొద, పిరుదులకి వణుకు. ఇంకో విచిత్రం ఏమిటంటే, నాలుగో గేరులో ఇంజను కన్నా ఈ రాడ్డే ఎక్కువ వేగంగా తిరుగుతుంది. శబ్దం ఇంజను నుంచి వస్తోందనుకుని నెలల తరబడి అక్కడే వెతికేవాళ్ళున్నారు.

దీనికి విరుగుడు, రెండో కీలుని కూడా సరిగ్గా అంతే వంచడం. మొదటి కీలు చేసిన తప్పుని రెండోది దిద్దుతుంది. గేరుబాక్సు వెనక్కి మూడు డిగ్రీలు వాలితే పినియను ముక్కు మూడు డిగ్రీలు పైకి చూడాలి, అంటే రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. పోనీ ఏ వంపూ లేకుండా అంతా ఒకే గీతలో పెడితే గొడవే లేదు కదా అని నేనూ అనుకున్నాను. అదీ కుదరదు. క్రాసు లోపల సూదుల్లాంటి సన్నటి రోలర్లుంటాయి. కొంచెమైనా వంపు ఉంటేనే అవి దొర్లుతాయి. లేకపోతే ఉన్నచోటే ఉండి, దెబ్బలు తిని, ఇనుములో గాడులు పెట్టేస్తాయి. కనీసం అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ, ఎక్కువలో ఎక్కువ మూడు, రెండు చివరల మధ్య తేడా ఒకటికి మించకూడదు. ఇదీ నేను నేర్చుకున్న లెక్క. మూడు అనే అంకె గాల్లోంచి రాలేదు. ఈ రకం ఇంజన్లు వెనక్కి వాలి కూర్చుంటాయని ముందే తెలుసు కనక, కార్బురేటరు కూర్చునే చోటుని దాదాపు అంత వాలుగానే చెక్కుతారు. ఇంజను వాలితే కార్బురేటరు మట్టంగా ఉంటుంది.

నేను ఊరుకుంటానా? స్ప్రెడ్‌షీటు తయారుచేశాను. అయస్కాంతంతో అంటుకునే కోణమానిని కొన్నాను. 2022 డిసెంబరులో ఇంజను దించి, వెనక మద్దతు కింద పలకలు మార్చి మార్చి, సరిగ్గా 3.0 వచ్చేదాకా చలిలో కూర్చున్నాను. 2023 మార్చిలో వెనక ఇరుసు మార్చాం. కొత్త ఇరుసుకి కమాను కట్టలు కూర్చునే పీటలు వెల్డింగు చెయ్యాలి. అవి అతికిన కోణమే పినియను కోణం, ఇక జన్మంతా అదే. మళ్ళీ కోణమానిని పెట్టి 3.0 చూసుకుని నేను చుక్కలు పెట్టాను, పెద్దాయన నిండుగా వెల్డింగు చేశాడు. "కొలతలు సరేనా?" అని ఒకమాటు అడిగాడు కూడా. లాప్‌టాప్ తిప్పి చూపించాను. పచ్చ రంగులో మెరిసిపోతున్నాయి గళ్ళన్నీ.

ఏప్రిల్ ఆఖర్లో నాన్న వచ్చాడు. అమ్మ పోయిన తరవాత మొదటిసారి, ఒక్కడే.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. పదమూడో ఏట షెడ్డులో చేరి, అరవై దాటాక మోకాళ్ళు సహకరించక మానేశాడు. టాటాలు, లేలాండులు. నా చిన్నప్పుడు ఇంట్లో ఆయన కంచం పక్కన డీజిలు వాసన ఉండేది. నన్ను షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. "చేతికి గ్రీజు అంటిందంటే చదువు అంటదు," అనేవాడు. నాకూ అక్కడికి వెళ్ళాలని ఉండేది కాదు, అది వేరే సంగతి. 1997లో ఇంజనీరింగు కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట నేను "వ్యాపారం" అని రాశాను. కింద ఆయన సంతకం చెయ్యాలి. పెన్ను పట్టుకుని పైనుంచి కింద దాకా చదివాడు. ఆయన తెలుగు నెమ్మదిగా చదువుతాడు, ఇంగ్లీషు ఇంకా నెమ్మదిగా. చదివి, సంతకం పెట్టి, ఫారం మీద ఎక్కడా మరక పడకుండా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తిరిగిచ్చాడు.

ఆ బాకీ ఇద్దరికీ తెలుసు. పాతికేళ్ళు ఎవరం ఎత్తలేదు.

అలాంటి మనిషి అమెరికాలో కొడుకింటికొచ్చి చూస్తే ఏముంది? కొడుకు శనివారం పూట బండి కింద వెల్లకిలా పడుకుని, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, అందుకు ఎదురు డబ్బులు పెడుతున్నాడు. మొదటి రోజు చూసి, "ఈ పనికి నీకు ఎంతిస్తారు?" అని అడిగాడు. ఎవరూ ఇవ్వరు, ఇది హాబీ అన్నాను. ఆ మాటకి తెలుగేమిటో నాకు చప్పున తోచలేదు. "సరదా," అన్నాను. "సరదానా," అని కుర్చీ వేసుకున్నాడు.

పెద్దాయనా, నాన్నా మాత్రం బాగా కలిశారు. ఒకరి భాష ఒకరికి రాదు. పెద్దాయన పానాలన్నీ అంగుళాల లెక్క, నాన్నవి మిల్లీమీటర్లు. పెద్దాయన ఒక బోల్టుతో కుస్తీ పడుతుంటే నాన్న దూరం నుంచి చూసి వేళ్ళతో పందొమ్మిది చూపించాడు. ఆయన ముప్పావు అంగుళం పానా పెట్టాడు. సరిపోయింది. రెంటికీ తేడా వెంట్రుకవాసే. ఆ రోజంతా ఇద్దరికీ అదే ఆట.

ఇక ఆ జూన్ ఆదివారానికి వస్తాను. ఇంటికొచ్చాక నాన్న మంచినీళ్ళు తాగి, "పినియను ముక్కు కిందికుంది," అన్నాడు.

"లేదు నాన్నా, కొలిచాను. మూడు డిగ్రీలు పైకుంది."

"తొక్కితే ఇరుసు మెలి తిరిగి ముక్కు పైకి లేస్తుంది. లేచినప్పుడు రొద తగ్గుతోంది. వదిలితే ముక్కు వాలుతుంది, అప్పుడు పెరుగుతోంది. కిందికుండబట్టే గదా."

"రాడ్డు బాలెన్సు తప్పి ఉండొచ్చు. టైర్లు కావచ్చు."

"టైర్లయితే కాలు తీసినా తొక్కినా ఒక్కలాగే ఉంటది."

నేను షీటు తెరిచి చూపించాను. ఆయన చూశాడు. అది ఆయన చదివే తీరు నాకు తెలుసు, పైనుంచి కింద దాకా. "బాగా రాశావు," అని లేచి వెళ్ళి పడుకున్నాడు.

రెండు రోజులు నేను టైర్లు బాలెన్సు చేయించాను, రాడ్డు తీసుకెళ్ళి చూపించాను. వంద డాలర్ల పైన వదిలింది. అంతా బాగుందన్నారు. ఆఫీసులో ఒక మీటింగులో ఎవరో మాట్లాడుతుంటే నేను వినకుండా నోటుపుస్తకం మీద త్రిభుజాలు గీస్తున్నాను. మూడో రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక గరాజులోకి వెళ్ళి, టార్చిలైటు నోట్లో పెట్టుకుని, బండి కిందికి దూరి కోణమానిని పినియను మీద పెట్టాను.

సున్నా. తీసి మళ్ళీ పెట్టాను. సున్నా.

వెల్డింగు జరిగితే కదిలే వస్తువు కాదది. మరి మార్చిలో నేను చూసిన మూడు ఏమయింది? ఫోనులో మార్చి ఫోటోలు తిరగేశాను. మూడో ఫోటోలో దొరికింది. నేను బొటనవేలు పైకెత్తి నవ్వుతున్నాను. నా వెనక బండి, దాని ముందు చక్రాలు రెండూ రాంపుల మీద ఉన్నాయి. ఆ వారం ఇంజను కింద ఆయిలు కారుతుంటే చూడ్డానికి ఎక్కించాను. దించడం మర్చిపోయి అలాగే వెనక ఇరుసు కొలిచాను.

రాంపు ఎత్తు ఆరు అంగుళాలు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 114 అంగుళాలు. లెక్క వేస్తే మూడు డిగ్రీలు. అక్షరాలా మూడు. ఇంజనుని బండి నేల మీద ఉండగా కొలిచాను, ఇరుసుని బండి ముక్కెత్తుకుని ఉండగా కొలిచాను, రెంటినీ తెచ్చి పక్కపక్క గళ్ళలో రాసుకున్నాను. రెండు సర్వర్ల గడియారాలు వేరు వేరుగా ఉంటే లాగులు పక్కపక్కన పెట్టి చూసి లాభం లేదని నేను కుర్రాళ్ళకి పాఠాలు చెబుతుంటాను. అందుకు నాకు జీతం ఇస్తారు.

ఇప్పుడున్న స్థితి ఇదీ. రాడ్డు వాలు అయిదు డిగ్రీలు, గేరుబాక్సుది మూడు. అంటే ముందు కీలు వంపు రెండు. పినియను సున్నా కనక వెనక కీలు వంపు అయిదు. ముందు క్రాసు చేసే తప్పుకి ఆరింతలు వెనకది చేస్తోంది. కళ్ళజోడు నడవదూ మరి.

గరాజు తలుపు దగ్గర అలికిడయింది. నాన్న లుంగీలో నిలబడి ఉన్నాడు. జెట్‌లాగ్ పోయి నెలయినా ఆయనకి నిద్ర పట్టదు.

"సున్నా ఉంది నాన్నా," అన్నాను బండి కింద నుంచే.

ఆయన ఏమీ అనలేదు. కుర్చీ చప్పుడవుతుందనుకున్నాను. కాలేదు. గోడ పట్టుకుని, ఒక మోకాలు, తరవాత రెండోది, మెల్లగా వంగి, అట్టముక్క ఒకటి లాక్కుని నా పక్కన వచ్చి పడుకున్నాడు. పైకి చూశాడు. చెయ్యెత్తి క్రాసు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. డెబ్భై రెండేళ్ళ చెయ్యి. వేలి కణుపుల దగ్గర నలుపు మా అమ్మ ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా పోలేదు.

"నేను కుర్రాడిగా ఉన్నప్పుడు," అన్నాడు, "మేస్త్రీ లేడని జాయింటు రాడ్డు నేనే బిగించా. దించేటప్పుడు సున్నంతో గుర్తు పెట్టుకోవాలి, పెట్టలా. పళ్ళ దగ్గర ఒక పన్ను పక్కకి ఎక్కింది. రెండు వైపులా చెవులు ఒకే వరసలో ఉండాలి గదా, లేవు. తుని దగ్గర క్రాసు విరిగి రాడ్డు రోడ్డు మీద పడింది. బియ్యం లోడు. మేస్త్రీ కొట్టలేదు. సంచీ చేతికిచ్చి ఎదురొచ్చిన లారీ ఎక్కించాడు. రాత్రంతా రోడ్డు పక్కన దాని కిందే ఉన్నా."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎందుకు చెబుతా?"

కాసేపు ఇద్దరం ఆ గొట్టం కేసి చూస్తూ ఉండిపోయాం. తరవాత ఆయన, అడక్కుండానే, అదే గొంతుతో, "కాలేజీ కాగితంలో నువ్వు వ్యాపారం అని రాశావు చూడు. అది అబద్ధమేం కాదులే. అప్పట్లో నట్లూ బోల్టులూ కూడా అమ్మేవాణ్ణిగా," అన్నాడు.

నేను ఏమన్నా బాగుండేదో ఇప్పటికీ తెలియదు. ఆ మాట ఆయన నా కోసం ఎన్నేళ్ళ కిందట తయారుచేసి పెట్టుకున్నాడో. ఈసారి ఆయన వీసా ఫారం నేనే నింపాను. రిటైర్డ్ అని రాయబోతుంటే ఫోనులో, "మెకానిక్కు అని కూడా రాయి," అన్నాడు. రాశాను. అప్పుడు నాకది మామూలు మాటలాగే వినిపించింది.

"ఎంత ఎత్తాలి?" అన్నాను.

"నీ లెక్కేమంటోంది?"

"మూడు."

"రెండు చాలు. బండి లాగేటప్పుడు మిగతా ఒకటి అదే లేస్తుంది. ఇది కమాను మీద ఉంది, సిమెంటులో లేదు."

ఆ మాట నేను చదివిన చోట కూడా ఉంది. కమాను కట్టల బండికి పినియనుని ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి పెట్టాలని. చదివాను, కాని గడి పచ్చగా మారాలంటే మూడు కావాలి.

వెల్డింగు కోసి మళ్ళీ అతకడం కన్నా, కమాను కట్టకీ పీటకీ మధ్య వాలు పలకలు పెట్టడం తేలిక. ఒక అంచు మందం, ఒక అంచు పల్చన. అల్యూమినియంవి చవక, అవి నలిగి జారిపోతాయని నాన్న ఉక్కువే తెప్పించమన్నాడు. ఇరుసు కమాను కింద ఉంది కనక ముక్కు లేవాలంటే మందపు అంచు వెనక్కి ఉండాలి. పలక మందానికి తగ్గట్టు నడిమి బోల్టు పొడుగుది వెయ్యాలి, లేకపోతే దాని తల పీట రంధ్రంలో కూర్చోదు, ఇరుసు జరుగుతుంది. తరవాతి శనివారం నాన్న ఎడమ వైపు, పెద్దాయన కుడి వైపు. నాకు పానాలు అందించే పని ఇచ్చారు. పందొమ్మిది అంటే ముప్పావు, పదమూడు అంటే అర. యూ బోల్టులు బిగించి, బండిని నాలుగు చక్రాల మీదా నేలకి దించి, టైర్లలో గాలి చూసి, ముందూ వెనకా రెండుసార్లు ఊపి, అప్పుడు కొలవమన్నారు. గేరుబాక్సు 3. పినియను 2. ముందు వంపు 2, వెనక వంపు 3.

నాన్న సుద్దముక్క అడిగాడు. పిల్లల దగ్గరున్న గులాబీ రంగుది ఇచ్చాను. రాడ్డు మీదా పినియను చెవి మీదా కలిసేలా ఒక గీత గీశాడు.

సాయంత్రం 71వ నంబరు రహదారి ఎక్కాం, ఇద్దరమే. కళ్ళజోడు తీసి నాన్నే డాష్‌బోర్డు మీద పెట్టాడు. చెప్పు విడిచి పాదం ఆనించాడు. 45. 55. అద్దంలో వెనక కార్ల నంబర్లు చదవగలుగుతున్నాను. 60 దగ్గర చెప్పక ముందే కాలు తీశాను, మళ్ళీ తొక్కాను. కళ్ళజోడు ఉన్నచోటే ఉంది. 65కి తీసుకెళ్ళి ఆయన కేసి చూశాను.

నాన్న తల కొంచెం వంచి వింటున్నాడు.

"ఎడమ తలుపు అద్దం కొట్టుకుంటోంది," అన్నాడు. "ముందెక్కడన్నా ఆపు, చూద్దాం."